ఎడమ లైటు పిలిచింది

మ్వెండే మేడమెట్లెక్కి వచ్చేసరికి ఆమె ఒంటి మీద పొగ వాసన. వంటపొగ కాదు, ఇల్లు కాలిన వాసన. చంకలో పసిపిల్ల, చేతిలో ఒక అల్యూమినియం గిన్నె. ఇంట్లో మిగిలింది అదే.

"కూర్చో అమ్మా," అంది జెరోటిచ్.

"కూర్చోను. నా మొగుడు హంతకుడు కాదు. ఆ మాట విననివాళ్ళ ముందు కూర్చుని కూర్చుని నా నడుం పడిపోయింది."

జెరోటిచ్ ఒకప్పుడు ట్రాఫిక్ పోలీసులో సార్జెంటు. ఆపకూడని పెద్దమనిషి కారు ఆపింది, ఉద్యోగం పోయింది. ఇప్పుడు నాన్యుకి ఊళ్ళో, మేకమాంసం కాల్చే కొట్టు మీద గదిలో ప్రైవేటు డిటెక్టివ్. జాలి మాటలు ఆమెకి చేతకావు. సహాయకుడు ఒపోండో బడిపంతులు పని మానేసి ఆమె దగ్గర చేరాడు. ఆమె నోరు తెరిస్తే చాలు, అతనికి అబ్బురం.

"మాస్టారూ, ఆమెకి టీ పొయ్యండి. నువ్వు నిలబడే చెప్పు."

మ్వెండే చెప్పింది. ఆమె భర్త ముటిసో తన పాత ల్యాండ్‌రోవర్ని రాతిక్వారీకి తిప్పుతాడు. క్వారీలో చరియ విరిగిపడి కూలీలు చచ్చారు. బండ చీలిందని తెలిసే వాళ్ళని దాని కిందికి పంపారు. ఆ మాట కోర్టులో చెప్పడానికి ముటిసో, అతని స్నేహితుడు గిటోంగా సిద్ధమయ్యారు. గిటోంగా బావమరిది మురియుకి క్వారీలో మేస్త్రీ. కూలీల్ని బండ కిందికి తోలింది అతనే. యజమాని ఇకియారా చెప్తేనే పంపానని తనూ ఒప్పుకుంటానన్నాడు. పోయిన వారం ముగ్గురూ మేరు కోర్టుకి బయల్దేరారు. ముందు ముటిసో బండి, అందులో మురియుకి. వెనక చిన్న కారులో గిటోంగా.

"కొండ మీద మంచు కమ్మిందమ్మా. మా ఆయన బండికి ఎడమ లైటు వెలిగిందట. గిటోంగా పక్కకి తీసి ముందుకు దూకాడు. ఎదురుగా సిమెంటు లారీ."

ఒపోండో టీ పోస్తున్నవాడు ఆగిపోయాడు. ఆ దారిలో బండి నడిపే ప్రతివాడికీ తెలుసు ఆ భాష. ముందు బండి కుడి లైటు కొడితే, "ఆగు, ఎదురుగా ఎవరో వస్తున్నారు" అని. ఎడమ లైటు కొడితే, "దారి ఖాళీ, దాటి పో" అని. ఏ పుస్తకంలోనూ లేదు. కానీ మంచులో, ముందు ఏమీ కనబడనప్పుడు, వెనకవాడు తన ప్రాణం ఆ లైటు చేతిలో పెడతాడు.

"ఇకియారా డబ్బు తిని స్నేహితుణ్ణి పిలిచి చంపాడంటున్నారు," అంది మ్వెండే. "రాత్రి మా ఇల్లు కాల్చారు. మురియుకే ముందు నడిచాడు. శుక్రవారం మా ఆయన్ని కోర్టుకి తెస్తారు. గేటు దగ్గర కుర్రాళ్ళు అప్పుడే టైర్లు పేరుస్తున్నారు. మెడలో వేసి అంటించడానికి."

జెరోటిచ్ లేచి కోటు తీసుకుంది.

*

ముటిసో లాకప్‌లో గోడకి ఆనుకుని ఉన్నాడు. పెదవి చిట్లింది.

"కుడి లైటే వేశాను," అన్నాడు. "లారీ కనపడగానే వేశాను. డాష్‌బోర్డులో కుడి బాణం కొట్టుకుంటూనే ఉంది. నా కళ్ళతో చూశాను."

"కొత్త లైట్లా?"

అంత బాధలోనూ అతని మొహం కొంచెం వెలిగింది. "పాతవి మిణుగురు పురుగులమ్మా. ఈ మంచులో అవి పెట్టుకుని తిరగడం చావు కొనుక్కోవడమే. అందుకే మొత్తం మార్పించాను. ముందు పెద్ద లైట్లు, ముందూ వెనకా ఇండికేటర్లు. గిటోంగానే పోరు పెట్టాడు. 'నీ వెనక వచ్చేది నేనే కదరా, నాకు సరిగా కనబడాలి' అని." తల వంచుకున్నాడు. "కనబడింది వాడికి."

"గుద్దుకున్నాక ఏం చేశావు?"

"తాళం తీయకుండా, లైటు ఆపకుండా వెనక్కి పరిగెత్తాను. గిటోంగాని లాగబోతే సగం మనిషే వచ్చాడు."

"మురియుకి ఎక్కడ కూర్చున్నాడు?"

"వెనక బల్ల మీద. ముందు తలుపు తాడుతో కట్టి ఉంది, అటు ఎవరూ ఎక్కరు."

ఇన్‌స్పెక్టరు బయట పళ్ళు కుట్టుకుంటూ నిలబడ్డాడు. "అబద్ధం," అన్నాడు తీరిగ్గా. "మేం వెళ్ళేసరికి కుడి లైటు కొట్టుకుంటోంది, నిజమే. ముందు ఎడమ వేసి చంపి, తర్వాత కుడికి మార్చుకున్నాడు. గిటోంగా పెళ్ళాం ఎడమ లైటు చూసింది. బతికి ఉంది. ఇంకేం కావాలి?"

"లారీ డ్రైవరు ఏమన్నాడు?"

"కుడి లైటు చూశానన్నాడు. వాడి తప్పు కప్పుకోడానికి అంటాడు కదా?"

*

లారీ డ్రైవరు గుయో తలకి కట్టుతో టీకొట్టులో నూనెలో వేయించిన మందాజీలు నములుతున్నాడు.

"నేనెందుకు అబద్ధమాడతానక్కా? నా వైపు లైటు, బండి కుడి లైటు, మంచులో పసుపుపచ్చగా కొట్టుకుంటోంది. 'వెనకవాడికి ఆగమని చెప్తున్నాడు, మంచివాడు' అనుకున్నా. అంతలో ఆ కారు నా ముక్కు మీదకొచ్చింది."

"దిగాక ఎవరు కనిపించారు?"

"ఆ డ్రైవరు కారు దగ్గర ఏడుస్తున్నాడు. నా తల తిరుగుతున్నా, వెనకొచ్చే బండ్లు మమ్మల్ని తొక్కేస్తాయని కత్తి తీసి కొమ్మలు నరికి రోడ్డు మీద పరిచాను. అప్పటిదాకా ఒక్క ఆకు కూడా లేదు. ఎవడికీ బుద్ధి లేదు."

ఒపోండో బయటికొచ్చాక గొణిగాడు. "ఒకరు ఎడమ అంటారు, ఒకరు కుడి అంటారు. ఇద్దర్లో ఎవరో అబద్ధమాడుతున్నారు మేడమ్."

"మీ బళ్ళో పిల్లల్ని ఇలాగే కొట్టేవారా మాస్టారూ? ఒకడు ముందు బెంచీ, ఒకడు వెనక బెంచీ. ఇద్దరికీ ఒకటే కనబడాలని ఎవరు చెప్పారు?"



*

ఆసుపత్రిలో గిటోంగా భార్య మకేనా కిటికీ పక్క మంచం మీద ఉంది. కుడి చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. పక్కన ఆమె అన్న మురియుకి స్పూనుతో జావ పడుతున్నాడు. మెత్తటి గొంతు, ఏడ్చి వాచిన కళ్ళు.

"మా చెల్లిని ఎక్కువ మాట్లాడించకండి మేడమ్. మతి స్థిమితం లేదు."

"నాలుగు మాటలే. మకేనా, మొదటినుంచీ ఆ కారులో ఉన్నావా?"

"లేదక్కా. ఇంట్లోనే ఉండమన్నారు. మనసాగక టిమౌ పెట్రోలు బంకు దగ్గరికి వచ్చి ఎక్కాను. అన్న బండిలోంచి చూసి చెయ్యి ఊపాడు."

"బంకు దగ్గర బండి తిరిగింది కదా?"

"కుడికి తిరిగింది. కుడి లైటు వేసి తిరిగింది. మేమూ తిరిగాం."

"తర్వాత కొండ మీద?"

"ఎడమ లైటు. మా ఆయన 'ముటిసో రమ్మంటున్నాడు' అని నవ్వాడు. అంతే." కళ్ళు మూసుకుంది. "ఇరుక్కుపోయి పడి ఉన్నా. ముందు బండి లైటు కనబడుతోంది. ఈ పక్క కొట్టుకుంది. ఆరిపోయింది. మళ్ళీ ఆ పక్క కొట్టుకుంది. నా తలే తిరుగుతోందని అన్నారు పోలీసులు. నేను అన్నా అన్నా అని అరుస్తున్నా. అప్పుడు వచ్చాడు."

"చూశారా, ఇదీ వరస," అన్నాడు మురియుకి జాలిగా.

"మీరు రావడం ఎందుకు ఆలస్యమైంది?"

"వెనక కొమ్మలు పరుస్తున్నాను మేడమ్. ఇంకో బండి వచ్చి గుద్దితే?"

"మంచి పని చేశారు," అంది జెరోటిచ్.

బయట డాక్టరు చెప్పాడు. రక్తం పోకుండా పైన గుడ్డ బిగించి కట్టిన ఆ అన్న కాస్త ముందొచ్చి ఉంటే ఆ చెయ్యి ఉండేదేమో.

*

గురువారం మధ్యాహ్నం అందరినీ స్టేషను పెరట్లోకి రప్పించింది జెరోటిచ్. బురద పట్టిన ల్యాండ్‌రోవర్ మధ్యలో ఉంది. చక్రాల కుర్చీలో మకేనా, వెనక మురియుకి. ఒక పక్క గుయో, మ్వెండే, సంకెళ్ళతో ముటిసో. లైట్లు బిగించిన ఎలక్ట్రీషియన్ కినోటి చేతులు నలుపుకుంటున్నాడు. క్వారీ యజమాని ఇకియారా గొడుగు నీడలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

"నా పనులు చెడగొట్టి పిలిచావు," అన్నాడు ఇకియారా. "డ్రైవరు ఒప్పుకున్నాడా లేదా?"

"తొందరపడకండి పెద్దాయనా. చచ్చినవాళ్ళు ఎక్కడికీ పోరు." కినోటి వైపు తిరిగింది. "వెనక ఇండికేటర్ల తీగలు ఎక్కడ కలిపావు?"

"లోపల, వెనక మూలలో, బల్ల పక్కనే. పాత లైట్లకి తీగలు స్క్రూల కింద బిగించి ఉండేవి. విప్పాలంటే పనిముట్లు కావాలి. కొత్తవాటికి ప్లగ్గులు. రెండూ ఒకేలా ఉంటాయి, చేత్తో లాగితే వస్తాయి. అందుకే ఒకదానికొకటి మారకుండా టేపు గట్టిగా చుట్టాను."

"ఇప్పుడు టేపు లేదు," అంది జెరోటిచ్. "నేను చూశాను, ఇన్‌స్పెక్టరుగారూ చూశారు."

"అంటే వీడే తప్పు బిగించాడన్నమాట," అన్నాడు ఇకియారా.

"తప్పు బిగిస్తే బంకు దగ్గర కుడి లైటు సరిగ్గా ఎలా కొట్టింది? బంకు దాకా తీగలు సరిగానే ఉన్నాయి. కొండ మీద, ముందు లైటు కుడే కొట్టింది, గుయో చూశాడు. వెనక లైటు ఎడమ కొట్టింది, మకేనా చూసింది. ఇద్దరిదీ నిజమే. వెనక ప్లగ్గులు ఒకదాని చోట ఒకటి మారాయి. ముటిసో 'ఆగు' అన్నాడు. వెనకున్నవాడికి 'రా' అని వినబడింది."

జెరోటిచ్ బండి వెనక్కి నడిచి బల్ల మీద చెయ్యి వేసింది.

"బంకు తర్వాత బండి ఎక్కడా ఆగలేదు. అంటే నడుస్తున్న బండిలో, వెనక బల్ల మీద కూర్చున్నవాడే మార్చాలి."

అందరి తలలూ తిరిగాయి. మురియుకి కుర్చీ పిడి వదల్లేదు. "నేనా? నా చెల్లెలి మొగుణ్ణి నేను చంపుకుంటానా? బండి గతుకులకి ఊడి ఉంటాయి!"

"ఊడితే ఆరిపోతాయి. మారి దూరవు. పోలీసులొచ్చేసరికి మళ్ళీ సరిగ్గా ఉన్నాయి కూడా. అలాగే వదిలేస్తే ముటిసో బయటపడేవాడు కదా? మాస్టారూ, ఎక్కండి."

ఒపోండో ముందు కుడి ఇండికేటర్ వేసి వెనక బల్ల ఎక్కాడు. అతను ముందే మార్చి ఉంచిన ప్లగ్గులతో వెనక ఎడమ లైటు కొట్టుకుంటోంది. లోపల చెయ్యి కదిలింది. లైటు ఆరింది. మళ్ళీ కదిలింది. కుడి లైటు కొట్టుకోవడం మొదలైంది.

మకేనా గొంతులోంచి వచ్చిన అరుపు మనిషి అరుపులా లేదు.

"అదే! అదే నేను చూసింది! ఈ పక్క, ఆరిపోయింది, ఆ పక్క!"

"నీ తల తిరగలేదమ్మా," అంది జెరోటిచ్. గొంతులో ఏ మెత్తదనమూ లేదు. "నువ్వు అరుస్తుంటే మీ అన్న చేస్తున్న పని చూశావు."

"నేను కొమ్మలు పరుస్తున్నాను!"

"కొమ్మలు నరికింది నేను," అన్నాడు గుయో. "నువ్వు బండిలోంచి దిగగా చూడలేదు. ఒక్క కొమ్మ లేదు రోడ్డు మీద."

"ఆ కత్తి మీద ప్రమాణం చేస్తావా?" అన్నాడు మురియుకి.

"మీ చెల్లెలి చెయ్యి మీద చేస్తాను. ఎక్కడుందో చూపించు."

మురియుకి కుప్పకూలలేదు. అలాంటివాళ్ళు కూలరు. మొహంలోంచి ఏడుపు మాత్రం పోయింది, ముసుగు తీసినట్టు.

"నన్ను జైలుకి పంపడానికి లాక్కెళ్తున్నారు వాళ్ళిద్దరూ," అన్నాడు. "ఒప్పుకోకపోతే కూలీల్ని తోలింది నేనేనని అందరి ముందూ చెప్తామన్నారు. ఆయన..." ఇకియారా వైపు చూశాడు. "రెండు నోళ్ళు మూతపడితే క్వారీ మేనేజరు నువ్వే అన్నాడు."

"నేను చంపమన్నానా?" అన్నాడు ఇకియారా గొడుగు ముడుస్తూ. "ఎప్పుడన్నాను? ఎవరు విన్నారు?"

"ఎవరూ వినలేదు. మీలాంటివాళ్ళు ఎప్పుడూ ఆ మాట అనరు," అంది జెరోటిచ్. "ఒక నోటిని చంపి, రెండో నోటిని హంతకుడిది చేసి మూయాలన్న తెలివి మాత్రం వీడి సొంతం. కుదరకపోతే మళ్ళీ ప్లగ్గులు మార్చుకుని కోర్టు దాకా పాటలు పాడుకుంటూ వెళ్ళేవాడు."

ఇన్‌స్పెక్టరు ముటిసో సంకెళ్ళు విప్పాడు. అవే మురియుకి చేతులకి వేశాడు. క్షమాపణ అనే మాట ఆయన నోటికి రాలేదు.

మకేనా కుర్చీ తిప్పమంది. ఒపోండో తిప్పాడు. అన్న మొహంలోకి చూసింది.

"బంకు దగ్గర నన్ను చూశావు."

మురియుకి సంకెళ్ళ వైపు చూసుకున్నాడు.

"నేను ఆ కారెక్కడం చూశావు. చెయ్యి ఊపావు. ఆ తర్వాతే మార్చావు." ఆమె భుజం కదిలింది. ఖాళీ జాకెట్టు చెయ్యి ఊగింది. "నేనూ ఊపాను. ఈ చెయ్యే."

*

శుక్రవారం పొద్దున కోర్టు గేటు దగ్గర టైర్లు అలాగే ఉన్నాయి. విషయం ఊరంతా తెలిసింది. పేర్చినవాళ్ళు అక్కడే గోడ మీద కూర్చున్నారు, చెరుకు నములుతూ, ముటిసో మొహం తప్ప అన్నీ చూస్తూ. ఒక్కడూ లేవలేదు.

ల్యాండ్‌రోవర్ ఆగింది. తలుపు తాడు విప్పి ఎక్కించి మళ్ళీ కట్టారు, ముందు సీట్లో మకేనా. వెనక బల్ల మీద మ్వెండే, పిల్ల. సాక్ష్యం చెప్పడానికి ఇప్పుడు ఇద్దరున్నారు: ముటిసో, గిటోంగా బదులు మకేనా. ఇకియారా కారు అప్పటికే లోపల, వకీళ్ళ నీడలో ఉంది.

ముటిసో దిగాడు. తనకోసం తెచ్చిన టైర్లని ఒక్కొక్కటే పక్కకి దొర్లించి దారి చేసుకున్నాడు. మళ్ళీ ఎక్కి, కుడి లైటు వేసి, లోపలికి తిరిగాడు.