మంగళారం ముల్లె

బెల్లంపల్లి బొగ్గుబాయి లైన్లల్ల పొద్దుమూకిందంటే ఇంటింటి ముంగట బొగ్గుకుప్ప అంటుకుంటది. పచ్చిబొగ్గు ఒకసారి కాలి చల్లారితేనే పొయ్యిలకు పనికొస్తది మరి. ఆ పొగల ఎదురింటోడి మొఖం గూడ కనపడదు. సారవ్వ ఆ పొగలనే పుట్టింది, ఆ పొగలనే పెరిగింది, బాయిల బొగ్గు కొట్టే రాయమల్లును చేసుకొని అక్కడనే కాపురం పెట్టింది. రాయమల్లుకు బాప్తిస్మమప్పుడు యోహాను అని పేరు పెట్టిన్రు గని, ఆ పేరుతోని పిలిచినోడు ఇప్పటిదాక ఒక్కడు లేడు.

పెద్ద పిల్లగాడు ఆ పొగకే దగ్గి దగ్గి పోయిండు. మిగిలింది రూతు ఒక్కతే. ఇప్పుడు ఆ పిల్లకు గూడ అదే దగ్గు పట్టింది. రాత్రిపూట పిల్ల దగ్గినప్పుడల్ల సారవ్వ పానం పోయి వచ్చేది. "కొడుకును ఇచ్చిన, బిడ్డను మాత్రం ఇయ్య" అని తనల తనే అనుకునేది. ఆంధ్ర, తెలంగాణ ఒక్కటైన మరుసటేడు అది. ఈసారి క్రిస్మస్‌కు రాజమండ్రి పోవుడే అని ఆమె పట్టుబట్టింది. అక్కడ చెల్లె గ్రేసమ్మ ఉంటది, మరిది అచ్చాఫీసుల పని. పండుగ పేరు చెప్పి పిల్లను నెలదినాలు గోదారి గాలికి తిప్పుకొస్తె దగ్గు తగ్గుతదని ఆమె ఆశ.

ఆదివారం గుడి నుంచి వచ్చినంక నలుగురు చాప మీద కూసున్నరు. ఇంట్ల సకినాల వాసన. ఏమేం తీస్కపోవాలె, ఏ బండెక్కాలె, బెజవాడల ఏ బండి మారాలె, ఇదే ముచ్చట.

"బాపూ, మన మంచిర్యాల కాడ పారే గోదారేనా గక్కడ గూడ?" అన్నది రూతు.

"గదే బిడ్డా. గక్కడికి పోయేసరికి మస్తు పెద్దగైతది. వంతెన మీద రైలు ఎంత ఉరికినా ఒడ్డు రానే రాదట."

"రాజమండ్రిల రాజులు ఉన్నరా?"

"ఉండిరి. మీ అవ్వ వస్తుందని ఇనంగనే కోట ఇడిసి ఉరికిన్రు."

సారవ్వ చేతుల ఉన్న సకినం తీసి మొగని మీదికి ఇసిరింది. రూతు నవ్వి నవ్వి దగ్గులవడ్డది.

రాయమల్లు తల్లి కొమురవ్వ అప్పటిదాక మూలకు కూసోని ఆకు నములుతుంది. "ప్రయాణం ఎన్నడురా?" అని మెల్లగ అడిగింది.

"మంగళారం మాపటి బండికి."

"మంగళారమా! నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది కొడుకా. మంగళారం ఎవడన్న ఇల్లు కదులుతడారా?"

"సెలవు గప్పటికెల్లే ఇచ్చిన్రు అవ్వా. ఏం జెయ్యమంటవు?"

"ఏమున్నది, సోమారమే ముల్లె బయట పెడితె సరి. మనిషికొక్క బట్ట తీసి, పసుపు బియ్యం ఏసి, ముల్లెగట్టి పక్కింట్ల పెట్టాలె. అంటె మన ప్రయాణం సోమారమే మొదలైనట్టు. పోయేటప్పుడు ఆ ఇంటోళ్ళు ముల్లె మన చేతికిచ్చి 'పోయి రాండ్రి' అనాలె. మా అత్త చేసింది, నేను చేసిన."

"అత్తా, లైనంత మనోళ్ళే. ఎవరింట్ల పెట్టినా పొద్దుగాలకల్ల గుడి అయ్యగారికి తెలుస్తది. పండుగ పూట ప్రభువు బల్ల కాడికి రానియ్యడు మనల. ఒద్దు," అన్నది సారవ్వ.

"సరే తీయ్, ఒద్దంటె ఒద్దు," అన్నది కొమురవ్వ. అంత తొందరగ ఒప్పుకున్నదేందబ్బా అని సారవ్వకు అనిపించింది గని, పని తొందరల మర్చిపోయింది.

మంగళారం పొద్దు వంగింది. రాయమల్లు టికెట్లు తెచ్చి పెండ్లాం కొంగుకు ముడేసిండు. లైన్ల ఉన్నోళ్ళందరు పండుగ పాటలు నేర్చుకునేటందుకు గుడికి పోయిన్రు, దూరం నుంచి డోలక్ సప్పుడు వస్తుంది. సారవ్వ పెట్టె సదురుతుంది. రూతు కోసం కుట్టించిన ఎర్ర గౌను ఎంత ఎతికినా దొరకలే. తన నీలం చీర గూడ లేదు. రాయమల్లు అంగి లేదు. సారవ్వకు అప్పుడు ఎరుకైంది.

"అత్తా... ముల్లె యాడ పెట్టినవు?"

ముసల్ది కండ్లు దించింది. "ఎవలకు తెల్వదు పిల్లా, ఫికర్ జెయ్యకు. మూల ఇంట్ల పెట్టిన, నిన్న మాపున."

మూల ఇల్లు కైలాసంది. బాయిల కప్పుకు దుంగలు ఆనించేటోడు. పోయినేడు వాని పెండ్లాం లింగవ్వ తల్లిగారింటికి పోతనని బట్టలు సదురుకుంటుంటె, "నన్నిడిసి యాడికే?" అని గొడ్డలితోని నరికిండు. సంకల ఉన్న పసిపిల్లను గూడ ఇడువలే. నరికి, ఆ నెత్తుటి చేతులతోనే పోయి రైలు కింద పండిండు. అప్పటినుంచి ఆ ఇంటిని ఎవ్వలు తీసుకోలే.

"ఆ ఇంట్ల మనిషెవరున్నరత్తా? ముల్లె చేతికిచ్చేదెవరు? పోయి రాండ్రి అనేదెవరు?"

"ఎవ్వలు లేంది మంచిదే అనుకున్న బిడ్డా..." అన్నది కొమురవ్వ.

రాయమల్లు పకపక నవ్విండు. "మీ అత్తకోడండ్లకు వేరే పని లేదు. ఆగుండ్రి, నేను పోయి తెస్త," అని లేచిండు. సారవ్వ వద్దు వద్దనుకుంట ఎంట పోయింది. లైను చివర దాక పోయి, అక్కడ నుంచి కాలు కదలక ఆగింది.

పొగ మోకాళ్ళ ఎత్తున పాకుతుంది. మూల ఇంటి నుంచి బొగ్గు వాసన కాదు, వేరే వాసన... పచ్చి దుంగను చెక్కితె వచ్చే వాసన. రాయమల్లు గడప కాడికి పోయి తలుపు మీద చెయ్యి వేయబోయిండు.

తలుపు లోపలి నుంచి తెరుచుకున్నది.

సందులకెల్లి ఒక చెయ్యి బయటికి వచ్చింది. మోచేతి దాక బొగ్గు మసి. ఆ చేతుల ముల్లె. లోపలికెల్లి ఒక మొగ గొంతు, మెల్లగ, ఇష్టంగ...

"పోదం పాండ్రి."

పోయి రాండ్రి అనలే. పోదం పాండ్రి అన్నది. రాయమల్లు చెయ్యి చాపి ముల్లె అందుకున్నడు.

"ఎవరది?" అని సారవ్వ కేకేసింది. రాయమల్లు ఆమె పక్క నుంచే పోయిండు, ఆమె దిక్కు చూడలే. ఇంటికి వచ్చి ముంగటి తలుపు నుంచి కాకుండ ఎనక పెరట్లకు మళ్ళిండు. ఆడ కొమురవ్వ చెంబుతోని నీళ్ళు పట్టుకొని నిలవడ్డది.

"కాళ్ళు కడుక్కో కొడుకా..."

సారవ్వ ముంగటి తలుపుల కాలు పెట్టేసరికి సప్పుడు ఇనవడ్డది. పచ్చికట్టె చీలినట్టు. చెంబు కిందవడి దొర్లింది. ఆమె ఉరికి పోయి చూస్తె, అత్త గోడకు ఆనుకొని కూసున్నది. మెడ ఒక దిక్కుకు వాలిపోయింది, నెత్తురు రవిక మీదికెల్లి పారుతుంది. నోరు ఇంక ఏందో అంటనే ఉన్నది, మాట మాత్రం వస్తలేదు. రాయమల్లు ఆమె మీది నుంచి దాటి లోపలికి వచ్చిండు. చేతుల కట్టెలు కొట్టే గొడ్డలి.

"లింగీ..." అన్నడు. అది రాయమల్లు గొంతు కాదు. "నన్నిడిసి యాడికే ప్రయాణం?"

"నేను సారను! గిటు చూడు, నేను సారను!"

రూతును మంచం కిందికి తోసింది. గొడ్డలి లేచింది. ఆమె పక్కకు దుంకింది, దెబ్బ తలుపు చెక్కకు తగిలింది. మళ్ళ లేచింది. ఈసారి భుజం మీద చర్మం చీరుకుంట పోయింది. సారవ్వకు నొప్పి తెలువలే. వాడు ఆగిండు. తల పక్కకు వంచి ఇన్నడు.

మంచం కింద పిల్ల దగ్గుతుంది. నోరు మూసుకొని దగ్గుతుంది. ఆపుకుందామన్నా ఆగుతలేదు.

వాడు నవ్విండు. మంచం మీదికి వంగిండు. ఒక్క దెబ్బకు నులక తెగింది. రెండో దెబ్బకు పట్టె చీలింది, గొడ్డలి అండ్ల ఇరుక్కున్నది. వాడు గుంజుతుండు...

సారవ్వ మూలకున్న రోకలి అందుకున్నది. కండ్లు మూసుకోలే. నడినెత్తి మీద కొట్టింది. బొక్క ఇరిగిన సప్పుడు చేతులదాక వచ్చింది. వాడు మోకాళ్ళ మీద కూలిండు. మొఖం మీది నుంచి నెత్తురు కారుతుంది. ఆ నెత్తుట్ల నుంచి ఒక్క గడియ రాయమల్లు కండ్లు ఆమెను చూసినయి. తన మొగని కండ్లే.

"సారా... పిల్లను తీస్కపో..."

"అయ్యో, నా అయ్యా!" అని ఆమె రోకలి దించింది. అంతే... ఆ కండ్లు మళ్ళ మారినయి. మంచం కిందికి పోయిన చెయ్యి రూతు కాలు పట్టి గుంజింది. పిల్ల గీ పెట్టింది. "పోదం... అందరం పోదం..."

సారవ్వ కొట్టింది. మళ్ళ కొట్టింది. ఆ చెయ్యి ఇడిసేదాక కొట్టింది. ఏడ్సుకుంట కొట్టింది.

ఎప్పుడు పిల్లను సంకకెత్తుకున్నదో, ఎప్పుడు బయటి నుంచి గొళ్ళెం పెట్టిందో ఆమెకు తెలువదు. పెట్టె లేదు, సకినాలు లేవు, ముల్లె ఆన్నే ఇడిసింది. కొంగుకు టికెట్లున్నయి. గుడికి పోయి చెప్పాలె, పోలీసులకు చెప్పాలె... అనుకున్నది గని, కాళ్ళు స్టేషన్ దిక్కే ఉరికినయి. ఈ పిల్లను గీ ఊరు దాటించాలె, అదొక్కటే ఉన్నది ఆమె మనసుల. స్టేషన్ల పంపు కాడ నెత్తురు కడుక్కొని, దుప్పటి కప్పుకొని మూడో క్లాసు డబ్బాల ఎక్కింది. రాత్రంత పిల్లను ఒడిలకెల్లి దించలే. పిల్ల ఆమె మొఖం దిక్కు చూడలే.

తెల్లారి పగటాల బండి గోదారి వంతెన మీదికి ఎక్కింది. కింద నీళ్ళు, ఎంత దూరం చూసినా నీళ్ళే. చల్లటి గాలి డబ్బాలకు వచ్చింది. "పీల్చు బిడ్డా, మంచిగ పీల్చు," అని సారవ్వ పిల్ల ఎదురుబొక్క రాసింది. మొగడు యాదికొచ్చిండు. అయినా బిడ్డ బతికింది. బిడ్డను బతికిచ్చుకున్న. అప్పటికి ఆమెకు గదే దేవుడు.

అచ్చాఫీసు ఎనక సందుల గ్రేసమ్మ ఇల్లు. సారవ్వ తలుపు కొట్టింది. గ్రేసమ్మ తీసింది. చెల్లెను కావలిచ్చుకుందామని సారవ్వ చేతులు చాపింది.

గ్రేసమ్మ ఎనకకు జరిగింది.

"ఎవరు నువ్వు?" అని గుసగుసగ అడిగింది. ఏండ్ల నుంచి ఆ ఊళ్ళె ఉండి ఆమె మాట మారిపోయింది.

"నేనే గ్రేసూ... సారను, నీ అక్కను..."

"మా అక్క నిన్న సాయంత్రమే వచ్చింది, నీలం చీర కట్టుకుని. సోమవారం బండెక్కారట. బావ, అత్తగారు, అక్క... ముగ్గురూ వచ్చారు." ఆమె ఒకసారి లోపలికి చూసింది. "పిల్ల ఏదే అంటే, వెనక బండికి వస్తుందన్నారు. ఎవరో తీసుకొస్తారన్నారు."

పెరట్ల కట్టెలు కొడుతున్న సప్పుడు వస్తుంది.

"రూతూ! రా బిడ్డా, అన్నం పెట్టిన," అని లోపల నుంచి ఒక ఆడ గొంతు పిలిచింది. మెత్తగ, ప్రేమగ. అది సారవ్వ గొంతే.

సారవ్వ పిల్ల చెయ్యి గట్టిగ పట్టుకున్నది. రూతు తలెత్తి ఆమె మొఖం చూసింది. ఎంత కడిగినా చెవి కాడ నెత్తురు ఎండిన మొఖం... మంచం కింద నుంచి చూసిన మొఖం.

"మా అవ్వ పిలుస్తుంది, ఇడువు," అని చెయ్యి కొరికింది.

సారవ్వ చెయ్యి ఇడిసింది. పిల్ల చెంగున గడప దాటి, చీకటి గదులల్లకు ఉరికింది. గ్రేసమ్మ తలుపు మూసింది. సారవ్వ రెండు చేతులతోని తలుపు బాదింది, బిడ్డా బిడ్డా అని మొత్తుకున్నది. పెరట్ల కట్టెలు కొట్టే సప్పుడు ఆగింది.

తలుపుకు అవతల, చెవి పక్కనే ఉన్నట్టు, ఆమె గొంతే ఆమెకు ఇనవడ్డది.

"గడియ పెట్టు గ్రేసూ. ఇగ ఎవ్వలు రారు."