నీడవైపు కెమెరా

చనిపోయిన ఏజెంటు ఫొటోలో కూడా కెమెరా పట్టుకునే ఉన్నాడు. పట్టాల పక్క తుప్పల్లో దొరికాడు. మెడ మీద చిన్న సూదిగుచ్చు, అంతే.

"అతని ప్లేసులోకి నువ్వు," అన్నాడు చీఫ్, ఆ ఫొటోను కొంగ వైపు తోస్తూ.

కొంగ అసలు పేరు డిపార్ట్‌మెంటు ఎప్పుడో మరిచిపోయింది. టార్గెట్ వచ్చేదాకా గంటలకొద్దీ కదలకుండా నిలబడగలడని ఆ పేరు పెట్టారు. కొంగజపం చేస్తే ఎవరికైనా చేపలు దొరకాలి. ఇతనికి ఇన్నేళ్ళ సర్వీసులో దొరికింది మోకాళ్ళ నొప్పులే.

"విదేశీ ముఠా. గూడ్సు బళ్ళకి సరదాగా ఫొటోలు తీసేవాళ్ళుంటారే, వాళ్ళలో కలిసిపోయారు. టార్గెట్ క్లోరిన్ టాంకర్ల బండి. ఊరి నడిబొడ్డున బ్రిడ్జి మీద పేల్చాలని ప్లాన్."

"బ్రిడ్జి కింద మార్కెట్ ఉంది కదా సార్."

"అందుకే ఆ బ్రిడ్జి."

"బండే ఆపేస్తే?"

"ముఠా చెదిరిపోతుంది. లోపల మన మనిషి ఉంది, నెమలి. డేట్ ఆమె చెబుతుంది. నువ్వు చూడు, చెప్పు, అంతే. సొంత తెలివి వద్దు."

కొంగ తల ఊపాడు. ఒక్క ముక్క మాత్రం దాచాడు. ఆ టాంకర్ల బండి నడిపేది అతని సొంత తమ్ముడు. చెబితే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇంకొకరికి ఆ ఇంజన్లో కూర్చున్నవాడు వట్టి డ్రైవరే.

డిపార్ట్‌మెంటు మారువేషం ఇచ్చింది. వెలిసిపోయిన టోపీ, ఒళ్ళంతా జేబులున్న కోటు, చేటంత లెన్సు. లెన్సు మూతలో చిన్న వైర్‌లెస్ సెట్టు. ఇంట్లో చెప్పుకోవడానికి ఒక అబద్ధం కూడా ఇచ్చింది: ఉద్యోగం ఊడింది, తోచక రైళ్ళ ఫొటోలు తీసుకుంటున్నాడు.

"బావగారూ, ఆ ఇంజన్ల ఫొటోలు పెళ్ళిచూపులకేమైనా పంపుతున్నారా?" అంది మరదలు అన్నం వడ్డిస్తూ.

తమ్ముడు నవ్వలేదు. ఉద్యోగం పోయిన అన్నను చూస్తే వాడికి జాలి, కాస్త చిన్నతనం కూడా. "పట్టాలకి దూరంగా నిలబడు అన్నయ్యా," అన్నాడు. "చేతులూపే వాళ్ళతో గొడవ లేదు. హారన్ కొడతా, పోతా. వీపు చూపించి పట్టాల మధ్య నిలబడేవాడితోనే చావు. ఒకడలా నిలబడ్డ రోజు బ్రేక్ వేశాను. బండి ఆగలేదు. ఆ వీపు ఇప్పటికీ కళ్ళల్లోనే ఉంది. ఇంకో వీపు చూశానంటే ఇక ఇంజనెక్కను."

మరదలు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బ్రిడ్జి దగ్గర ఫొటోల వాళ్ళందరిదీ ఒకటే పద్ధతి. పొద్దుటిపూట తూర్పు వైపే చేరతారు. ఎండ వీపు వైపు ఉండాలి. లేకపోతే ఇంజను బొగ్గుముద్దలా వస్తుంది. డ్రైవరుకు చెయ్యూపడం, హారన్ కొట్టించుకోవడం, చంటిపిల్లల్లా మురిసిపోవడం. ఈ పిచ్చివాళ్ళ మధ్య కొంగకు మొదటిసారి ఉద్యోగం బాగుందనిపించింది.

నెమలి అక్కడే కలిసింది. పట్టు స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన కెమెరా.

"బండి లేటా?" అన్నాడు కొంగ. ముందే అనుకున్న గుర్తుమాట అది.

"లేటు కాని బండి చూశారా?" అని నవ్వింది. గొంతు తగ్గించి, "రేపు," అంది.

రేపు. కొంగ ఆ మాట చీఫ్‌కు చేరవేశాడు. బలగాలు రేపటికి రెడీ అయ్యాయి.

కానీ టాంకర్ల బండి ఈ రోజూ ఉంది. దూరంగా సిగ్నల్ పచ్చబడింది. అందరూ కెమెరాలెత్తారు. నెమలి కనిపించలేదు. కొంగ చుట్టూ చూశాడు. ఆమె పట్టాలకు అవతల, పడమటి వైపు, గోడ నీడలో ఒంటరిగా నిలబడి ఉంది. కెమెరా మెడలో వేలాడుతోంది. ఒక చెయ్యి బ్యాగులో ఉంది. అక్కడి నుంచి ఫొటో రాదు. బ్రిడ్జి నడిమి స్తంభం మాత్రం బాగా కనిపిస్తుంది.

 కొంగ లెన్సు మూత నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"చీఫ్, ఇవాళే. నెమలి వాళ్ళ మనిషే. నీడవైపు నిలబడింది."

"ఏంటీ?"

"ఎండకి ఎదురుగా సార్. ఫొటోలు తీసేవాళ్ళెవరూ అక్కడ నిలబడరు."

"నీడలో నిలబడిన ఆడమనిషిని చూసి గూడ్సు ఆపమంటావా? ఆమెను తెచ్చింది నేను. నోరు మూసుకుని చూడు."

లైన్ కట్.

తిన్నని పట్టాల ఆ చివర ఇంజను కనబడింది. కొంగ పట్టాల పక్కకు పరుగెత్తి రెండు చేతులూ ఊపాడు. గొంతు చించుకుని అరిచాడు. తమ్ముడు అన్నను గుర్తుపట్టాడు. రోజూలాగే ముద్దుగా రెండుసార్లు హారన్ కొట్టాడు. వెనకనున్న పిచ్చివాళ్ళు చప్పట్లు కొట్టారు. బండి వస్తూనే ఉంది.

అయిపోయింది, అనుకున్నాడు కొంగ. తమ్ముడు పోతాడు, మార్కెట్ పోతుంది. ఇక మిగిలింది ఒక్కటే. అది చేస్తే తమ్ముడు బతుకుతాడేమో గానీ, తన ముఖం మళ్ళీ చూడడు. ఏడుపొచ్చింది. కెమెరా కంకర మీద పెట్టి పట్టాల మధ్యకు వెళ్ళాడు. ఇంజనుకు వీపు చూపించి నిలబడ్డాడు.

బ్రేకులు కేకలు పెట్టాయి. కాళ్ళ కింద కంకర వణికింది. వేడిగాలి మెడను తాకింది. ఆ తర్వాత వీపుకు ఏదో ఆనింది, మెల్లగా. ఇంజను.

ఎదురుగా బ్రిడ్జి ఖాళీగా ఉంది. నెమలి బ్యాగులోంచి చెయ్యి తీసి, కెమెరా ఎత్తి ఒక్క ఫొటో తీసుకుంది. అటునుంచి అటే వెళ్ళిపోయింది.

అసిస్టెంటు డ్రైవరు వెనక టాంకర్లు చూడటానికి పరుగెత్తాడు. తమ్ముడు దిగి వచ్చాడు. వాడి పెదాలు తెల్లబడ్డాయి.

"నువ్వా?"

"బ్రిడ్జి కింద బాంబుందిరా."

తమ్ముడు విన్నాడో లేదో. "పో," అన్నాడు. "ఎవరైనా వచ్చేలోపు పో."

బాంబు దొరికింది. దాని గురించి చీఫ్‌కు ఫోన్ చేసి చెప్పింది ఎవరో కాదు, నెమలే. ప్లాన్ చెడింది కాబట్టి తన సీటు కాపాడుకుంది. ఆమెకు మెచ్చుకోలు దక్కింది. సొంత తెలివి వాడినందుకు కొంగ నిజంగానే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇంట్లో చెప్పిన అబద్ధం అలా నిజమైంది.

బండి ఎందుకు ఆగిందో తేల్చడానికి రైల్వే ఎంక్వయిరీ పెట్టింది. బాంబు సంగతి రహస్యం. పట్టాల మీద మనిషి సంగతి మాత్రం నేరం. ఫొటోల వాళ్ళందరినీ, కొంగతో సహా, బెంచీ మీద కూర్చోబెట్టారు. తమలో ఒకణ్ణి పట్టివ్వడం ఇష్టంలేక, ఇంజన్నే చూశాం, మనిషిని చూడలేదన్నారు అందరూ. ఊరూపేరూ లేకుండా వచ్చిన ఒక ఫొటోను ఆఫీసరు తమ్ముడి ముందు పెట్టాడు.

"ఈ మనిషెవరు?"

ఫొటోలో ఇంజను నల్లగా ఉంది, మనిషీ నల్లగా ఉన్నాడు. తమ్ముడు ఫొటోను చూశాడు. బెంచీ వైపు మాత్రం చూడలేదు.

"నాకెవరో తెలీదండీ. నాకిక ఏ అన్నయ్యా... ఏ మనిషీ గుర్తులేడు. నన్ను షెడ్డు పనిలో వేసెయ్యండి. ఇంజనెక్కను."

ఆఫీసరు విసుగ్గా ఫొటోను పక్కకు తోశాడు. "తీసినవాడెవడో గానీ, ఫొటో తీయడమే రాదు."

"ఎండ వీపు వైపు ఉండాలండీ," అన్నాడు కొంగ. ఆ గదిలో ఆ రోజు ఎవరైనా చెప్పిన నిజం అదొక్కటే.