ఖాళీ ఇంటికి చెప్పిన మాట

అది పంతొమ్మిది వందల ఎనభై ఒకటి. శుక్రవారం మాకు సెలవు. బట్టలు ఉతుక్కుని, కూర వండుకుని, షార్జా క్యాంపులో కాళ్లు చాపుకునే రోజు. ఆ ఒక్క రోజునూ మా కంపెనీ ఫిన్లాండ్ ఇంజనీరు లాగేసుకున్నాడు.

వాళ్ల దేశంలో పాత పల్లెలను చెక్కుచెదరకుండా ఉంచుతారట. పట్నం జనం వచ్చి చూసిపోతారట. వాళ్ల కోసం ఆ ఇళ్లలో ఆడవాళ్లు పాతకాలం బట్టలు కట్టుకుని కూర్చుని ఉన్ని వడుకుతారట. ఇక్కడ సముద్రం ఒడ్డున జనం ఎప్పుడో వదిలేసిన ఊరిని కూడా అలాగే చేయాలని అతనికి బుద్ధి పుట్టింది. గోడలకు మట్టి మెత్తింది మేము. అది చాలదని, అరబ్బుల పొడుగు చొక్కాలు తొడిగి ఆ ఇళ్లలో ఇంటివాళ్లలా కూర్చోమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మేం మనుషులమా, బొమ్మలమా?

నా బామ్మర్ది లింబాద్రికి మాత్రం సరదాగా ఉంది. వాణ్ణి గల్ఫ్‌కు తీసుకొచ్చింది నేనే. "భీమయ్యా, నా కొడుకును నీ చేతుల పెడుతున్న" అంది మా అత్త గౌరవ్వ. వాణ్ణి తిరిగి ఆమెకు అప్పగించే పూచీ నాది.

పొద్దు వాలింది. చూడవచ్చిన తెల్లవాళ్లు కార్లెక్కి పోయారు. సందుల్లో ఉప్పుగాలి, ఎండుచేపల వాసన. చివరి ఇంట్లోంచి లింబాద్రి బయటికొస్తూ, గడప దగ్గర అలవాటుగా వెనక్కి తిరిగాడు.

"పోయొస్త."

మా దిక్కు ఏ ఇల్లు విడిచినా 'పోత' అనం. అలా అనేది తిరిగి రానివాళ్లే. కానీ ఖాళీ ఇంట్లో ఎవరికి చెప్పాలి? తిడదామని నోరు తెరిచాను.

"మంచిది బిడ్డా. జల్ది రా," అంది లోపలి నుంచి ఒక ముసలి గొంతు. అచ్చం మా నిజామాబాద్ యాసలో.

ఇద్దరం పికప్ బండి దాకా గబగబా నడిచాం. నేను ఎక్కి వెనక్కి చూస్తే... లింబాద్రి లేడు.

పరుగెత్తాను. ఆ ఇంట్లో పొయ్యి లేదు. గోడలు మెత్తినవాణ్ణి, నాకు తెలుసు. అయినా గడప దగ్గరికే జొన్నరొట్టె కాలుతున్న వాసన... మసక చీకట్లో వాడు చాప మీద కూర్చుని నెమ్మదిగా నములుతున్నాడు. ఎదుట ఎవరూ లేరు. రొట్టె తట్టే చప్పుడు మాత్రం ఆగడం లేదు.

"నడువ్‌రా," అన్నాను గుసగుసగా.

"వస్తనని చెప్పిన గద బావా..."

భయం కన్నా కోపమే ముందొచ్చింది. ఇంజనీరు మీద, ఈ ఊరి మీద, రొట్టె పెట్టి మనిషిని గుంజుకునే ఆ గొంతు మీద. వాడి చెంప పగలగొట్టి, రెక్క పట్టి బయటికి ఈడ్చాను. బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట ఆ గడప ముందు నిలబడి అన్నాను.

"పోతున్నం. మళ్ల రాం."

చప్పుడు ఆగింది.

"గట్లనా..." అంది ఆ గొంతు. దానికీ కోపం వచ్చింది. "అయితె నేనే వస్త. మీ ఇల్లు ఏడ బిడ్డా?"

పెద్దవాళ్లు అడిగితే జవాబు చెప్పకుండా ఉండటం లింబాద్రికి చేతకాదు. నేను వాడి నోరు మూసేలోపే ఊరి పేరు చెప్పాడు... వాడ చెప్పాడు... వాళ్లమ్మ పేరు కూడా చెప్పేశాడు.

లోపల ఎవరో ఊరికి బయలుదేరేవాళ్లలా పొయ్యిలో నీళ్లు పోశారు.