నూటపది కిలోల మనిషి

హెర్నియా ఆపరేషన్‌కని నవ్వుతూ థియేటర్‌లోకి వెళ్ళిన సైంటిస్టు శవమై బయటికొచ్చాడు. గుండె ఆగిందన్నారు. శత్రుదేశం నుంచి పారిపోయి వచ్చి, వాళ్ళ గూఢచారి ముఠా గుట్టు సగమే విప్పిన మనిషి. మిగతా సగం తెలిసింది ఆయన భార్యకే.

"ఇవాళ ఆవిడకీ ఆపరేషన్. అపెండిసైటిస్. వాయిదా వెయ్యడానికి లేదు," అన్నాడు చీఫ్. "అదే ఆసుపత్రి. మత్తు డాక్టరుగా మన సంపెంగ ఉంది. ఏం కావాలన్నా ఆమెనడుగు."

ఏజెంట్ డేగ తలూపాడు. సంపెంగను గూఢచారి డిపార్ట్‌మెంట్‌కి తెచ్చింది అతనే. ఆమెను పెళ్ళికి అడగాలనుకుంటూనే రోజులు గడిపేస్తున్నదీ అతనే.

నీలం ఓవరాల్, టూల్ బ్యాగ్, కాలర్ బటన్‌లో ట్రాన్స్‌మిటర్. మెషిన్లు రిపేరు చేసే టెక్నీషియన్ అవతారంలో ఆసుపత్రిలో దిగాడు. కారిడార్‌లో సంపెంగ ఎదురైంది. తెల్లకోటులోనూ సినిమా పోస్టర్‌లా ఉంది.

"లిఫ్ట్ పనిచెయ్యట్లేదా?" కోడ్ అడిగాడు.

"మెట్లే నయం," అని జవాబిచ్చి గొంతు తగ్గించింది. "స్టాఫంతా క్లీన్. నువ్వెళ్ళి జనరేటర్ రూమ్ చూడు."

వెళ్తూ వెళ్తూ థియేటర్ పక్క గది ముందు ఆగాడు. బరువు చూపే మంచం మీద సైంటిస్టు భార్య పడుకుని ఉంది. ఎముకల గూడు.

"మా ఆయన కూడా ఇక్కడే పడుకున్నాడు బాబూ," అంది.

"భయపడకండమ్మా."

కొత్త నర్సు స్క్రీన్ చూసి అంకెను కంప్యూటర్‌లో కొట్టింది. "నూటపది."

ఆవిడను ట్రాలీ మీదికి మార్చి థియేటర్ లోపలికి తోసుకెళ్ళారు. తలుపులు మూసుకున్నాయి. అప్పుడు తట్టింది డేగకి. నూటపది కిలోలా? ఈవిడా?

వంగి మంచం కింద చూశాడు. స్విచ్ కిలోల మీద లేదు, పౌండ్ల మీద ఉంది. స్క్రీన్‌లో అంకె పక్కన కొలత చూపే గుర్తు మీద తెల్ల టేపు. ఆవిడ నిజం బరువు యాభై కిలోలే! మత్తుమందు బరువును బట్టి ఇస్తారు. ఈ లెక్కన రెండింతలకు పైనే ఎక్కుతుంది. విషం లేదు, తుపాకీ లేదు. కొలత మారింది, అంతే.

నర్సంటే కొత్తది. మత్తు డాక్టరు కళ్ళకేమైంది?

భుజంతో తలుపు తోసుకుని లోపలికి దూకాడు. సంపెంగ వేలు మందు పంపు బటన్ నొక్కుతోంది. కటింగ్ ప్లయర్‌తో ట్యూబు తెంపేశాడు. మందు నేల మీద చిమ్మింది.

"పిచ్చా నీకు?"

"ఈవిడ నూటపది కిలోలా సంపెంగా?"

"మెషిన్ చూపించింది, నర్సు కొట్టింది. నాదేం తప్పు?"

"ఆయన్నీ ఇలాగే చంపావా?"

ఆమె మాస్క్ కిందికి లాగింది. నవ్వుతోంది. "అంకె చూశారు, నమ్మేశారు. అది ఏ కొలతో ఒక్కడైనా అడిగాడా? నువ్వూ అంతేగా, నన్ను చూశావు, నమ్మేశావు."

డేగ కాలర్ బటన్ నొక్కి మనుషుల్ని పిలిచాడు.

ఇంకో డాక్టరు మత్తిచ్చాడు. ఆవిడ బతికింది, పేర్లన్నీ చెప్పింది. ముఠా మొత్తం దొరికిపోయింది.

నెల తిరక్కుండానే సరిహద్దు వంతెన మీద సంపెంగ అవతలికి నడిచిపోయింది. బదులుగా అటు చిక్కిన మన ఏజెంటును స్ట్రెచర్ మీద మోసుకొచ్చారు. కన్నతల్లి కూడా గుర్తుపట్టలేనంతగా చిక్కి శల్యమయ్యాడు.

"సైంటిస్టు ఎలా పోయాడని ఆయన భార్యకు చెప్పమంటారు సార్?" అడిగాడు డేగ.

"గుండె ఆగిందనే చెప్పు." చీఫ్ సిగరెట్ నలిపేశాడు. "ఒకరికి ఒకరు. లెక్క సరిపోయింది."

"ఎవరి కొలతలో సార్?" అన్నాడు డేగ.