చూస్తుంటే కదలదు

పిచ్చుక ఒక్కచోట కుదురుగా కూర్చుందంటే ఆ వేళ ఒంట్లో బాగాలేదన్నమాటే. ఎనిమిదేళ్ళ పిల్ల. పుస్తకం తెరిస్తే కిటికీ వైపు, కిటికీ మూస్తే ఫ్యాను వైపు చూసేది. ఒక్క లెక్క చేయించేసరికి వాళ్ళమ్మకి తలప్రాణం తోకకొచ్చేది. ఈ నెలలోగా మారకపోతే పిల్లని తీసుకెళ్ళిపొమ్మని స్కూలువాళ్ళు తేల్చేశారు. ఆ రోజే వాళ్ళమ్మ ఏడుస్తూ తన చెల్లెలికి ఫోన్ చేసింది.

ఆ చెల్లెలు, అంటే పిచ్చుకకి పిన్ని, ఇలాంటి పిల్లలకి శిక్షణ ఇచ్చే కేంద్రంలోనే పని చేస్తుంది. అక్కడ పిల్లల కళ్ళకి వీఆర్ హెడ్‌సెట్ పెడతారు. పెట్టగానే కళ్ళముందు ఖాళీ తరగతి గది కనిపిస్తుంది. ముందు బోర్డు, వెనక వరుసగా ఐదు బెంచీలు. పక్కన సీతాకోకచిలుక ఎగురుతుంది, ఎక్కడో తలుపు కొట్టుకుంటుంది. దేనికీ తల తిప్పకుండా పది నిమిషాలు బోర్డు చూస్తే గంట మోగుతుంది. తిప్పితే నిమిషాల లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

పిచ్చుక రెండో నిమిషానికే దాన్ని పీకి పారేసేది. పిన్ని తెలివితేటలకేం తక్కువ? గడ్డం కింద బిగుతుగా పట్టీ వేసి, తల వెనక క్లిప్పు పెట్టింది. వెనకాల నిలబడి రెండు చేతులతో నొక్కితే తప్ప ఊడదు. గంట మోగేదాకా, లేకపోతే నలభై నిమిషాలు నిండేదాకా తీయనని కచ్చితంగా చెప్పేసింది.

వారం తిరక్కుండానే పిల్ల శిలలా కూర్చోవడం మొదలుపెట్టింది. వాళ్ళమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ సంబరంలో పిన్ని, పిల్ల ఎటు చూసిందో హెడ్‌సెట్ నమోదు చేసే రిపోర్టు తెరిచి చూడనేలేదు. ఆ మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్ళాక, తీరిగ్గా తెరిచింది.

నాలుగు రోజులుగా గంట మోగనేలేదు. పిల్ల చూపు బోర్డు మీద లేదు. వెనక్కి తిరిగి, బెంచీల మీదే ఉంది. నలభై నిమిషాలు, రెప్ప కూడా వేయకుండా.

"అక్కడేం చూస్తున్నావే?" అని పక్కనే ఉన్న పిచ్చుకని అడిగింది.

"ఆ అమ్మాయిని." పిచ్చుక గొంతు తగ్గించింది. "మొదట్లో ఆఖరి బెంచీలో ఉండేది పిన్నీ. నేను బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ఒక బెంచీ ముందుకొస్తుంది. చూస్తుంటే కదలదు. తీయమని ఏడ్చాను... నువ్వు తీయలేదు."

పిన్నికి మనసు చివుక్కుమంది. ఎవరూ లేరని చూపిస్తే భయం పోతుంది కదా అని, పిచ్చుకని ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, తనే హెడ్‌సెట్ తగిలించుకుంది. క్లిప్పు మాత్రం పెట్టుకోలేదు.

బెంచీలన్నీ ఖాళీ.

"చూశావా? ఒక్కరూ లేరు!"

సుద్దముక్కల వాసన వేసింది. ఈ కేంద్రంలో సుద్దముక్క అన్నదే లేదు. ఎదురుగా పిచ్చుక తుమ్మిన చప్పుడు సన్నగా వినిపించింది. ఆ వెంటనే, తల వెనక... టక్.

క్లిప్పు పడింది.

"పిచ్చుకా! ఆటలొద్దు, తీయి."

"నేను లేవలేదు పిన్నీ." ఆ గుసగుస ఎదుటి నుంచే వచ్చింది. "తుమ్మొచ్చింది. ఒక్కసారి కళ్ళు మూసుకుపోయాయి..."

పిన్ని చేతులు క్లిప్పు దాకా వెళ్ళి ఆగిపోయాయి. అక్కడ ఇంకేదైనా చేతికి తగిలితే? గోడలకి మందపాటి స్పాంజి. అరిచినా బయటికి వినబడదు.

"బోర్డు చూడు పిన్నీ. గంట మోగించు. నీ వెనకున్న ఆ అమ్మాయి కదలకుండా నేను చూస్తున్నా."

చూసింది. మెడ మీద చల్లటి గాలి. తిరిగింది... ఖాళీ. లెక్క మళ్ళీ మొదలు. మళ్ళీ చూసింది. ఎంత నరకం పెట్టిందో పిల్లని! పళ్ళ బిగువున ఏడుపు ఆపుకుంది. ఏడు... ఎనిమిది... తొమ్మిది నిమిషాలు.

గంట మోగింది.

తల వెనక రెండు చిన్న చేతులు క్లిప్పుని నొక్కాయి. హెడ్‌సెట్ జారి ఒళ్ళో పడింది.

పిచ్చుక ఎదురుగానే ఉంది. చేతులు మోకాళ్ళ మీద, చూపు పిన్ని భుజం పైన. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇందాక ఇంకోసారి రెప్ప పడింది పిన్నీ. కళ్ళు మండుతున్నాయి. ఇక నా వల్ల కాదు..."

"నేను చూస్తానే తల్లీ," అని పిన్ని తిరగబోయింది. ఆలోగానే ఆ చిన్న కళ్ళు మూసుకుపోయాయి. పిన్ని భుజం మీద తెల్లటి పొడి రాలింది.

పిచ్చుక కళ్ళు తెరిచింది. గదంతా వెతికింది.

"పిన్నీ... ఇప్పుడు కనబడటం లేదు."

సుద్దముక్కల వాసన ఈసారి పిల్ల కుర్చీ వెనక నుంచి వచ్చింది.