దిగని విమానం

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, బెల్జియంలోని ఘెంట్ శివారులో మా జర్మన్ విమానాల మైదానానికి పడమటి కొసన పొడుగాటి పాప్లర్ చెట్ల వరస ఉండేది. రాత్రిపూట అక్కడ కాపలా పడితే, సిగరెట్లు ఇచ్చి మరీ డ్యూటీ మార్చుకునేవాళ్ళు.

ఆ వేసవిలో ఇంగ్లండు మీద బాంబులు వేసి వస్తున్న మా విమానం ఒకటి పెట్రోలు అయిపోయి, ఇంజన్లు ఆగి, గాలిలో జారుతూ వచ్చింది. ఇంజను చప్పుడు లేదు. కింద ఎవరూ దీపాలు చూపలేదు. చీకట్లో చెట్లకు కొట్టుకుంది. అందులో ఉన్న ముగ్గురూ కాలిపోయారు.

అప్పటినుంచి కొన్ని రాత్రులు చెట్ల మీద సన్నగా, సాగదీసినట్టు... మూలుగు.

దీపాలు చూసుకునే ఎగ్బర్ట్ నాకు చెప్పిన సంగతి ఇది.

అక్టోబరులో ఒక రాత్రి అన్ని విమానాలూ తిరిగొచ్చాయి — ఒక్కటి తప్ప. దాని వెనక భాగంలో మరతుపాకీ దగ్గర ఎగ్బర్ట్ తమ్ముడు ఈవో ఉన్నాడు.

విమానాలు దిగే చోట వరసగా పెట్టిన, వెలుగుతున్న లాంతర్ల మీద రేకు డబ్బాలు బోర్లించి ఉన్నాయి. మన ఇంజను చప్పుడు వినపడితేనే డబ్బాలు తియ్యాలి. వెలుతురు కనబడితే శత్రువు బాంబు వేస్తాడు.

"అది మూలిగిందంటే నేనుండను," అన్నాడు కాపలా హార్ట్‌విగ్. "పెళ్ళి కావలసినవాణ్ణి."

"నిన్నెవతి చేసుకుంటుందిరా? దెయ్యం కూడా ఒప్పుకోదు," అన్నాడు ఎగ్బర్ట్.

హార్ట్‌విగ్ నవ్వబోయి ఆగాడు.

మూలుగు.

"వచ్చింది..." గుసగుసగా అని వెనక్కి నడిచాడు.

ఎగ్బర్ట్‌కు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. ఇంజన్లు ఆగి జారే విమానంలో, పై రెక్కకూ కింది రెక్కకూ మధ్య బిగించిన తీగలు గాలికి ఇలాగే మూలుగుతాయి.

తమ్ముడైతే... ఒక్క నిమిషమే ఉంది.

లాంతర్ల వరస పొడవునా పరుగెత్తుతూ డబ్బాలు తన్నేశాడు. మూలుగు ఆగింది.

కాసేపటికి ఉత్తరాన ఇంజను చప్పుడు. విమానం దీపాల మధ్య దిగింది. ఈవో కిందికి దూకాడు.

"ఇంజన్లు ఆపి జారుతూ వచ్చారు కదరా, తీగల చప్పుడు విన్నాను," అన్నాడు ఎగ్బర్ట్.

"ఆపడమేంటన్నయ్యా? ఒకటి సముద్రం మీదే చచ్చింది. రెండోది ఇందాకటిదాకా మోగుతూనే ఉంది. దారి తప్పి ఎక్కడో తిరుగుతుంటే నీ దీపాలు కనబడ్డాయి."

ఎగ్బర్ట్ చెట్ల వైపు తిరిగి చూశాడు.

"దీపాలు మూసెయ్యి, శత్రువెవడైనా చూస్తాడు," అన్నాడు హార్ట్‌విగ్ దూరం నుంచే.

ఎగ్బర్ట్ మొదటి లాంతరు మీద డబ్బా బోర్లించబోయాడు. చెట్ల మీద మూలుగు మళ్ళీ మొదలైంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఉండనీ," అన్నాడు మెల్లగా. "దిగనీ."

మూలుగు చెట్లు దాటింది. కిందికి వచ్చింది. లాంతర్ల మంటలు ఒకదాని తర్వాత ఒకటి పక్కకు వంగాయి. చివరి దీపం దాటాక, గడ్డి మీద... ఆగిపోయింది.

అప్పుడు ఎగ్బర్ట్ దీపాలు ఆర్పాడు.