చెవులాయన సొంత అభిప్రాయం

"ఆ సౌండ్ కాస్త తగ్గించండి. చెవులు పోతాయి."

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, రెండో అంతస్తు టీ గదిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సీరియల్ చూస్తున్న అమ్మాయికి ఆ మాట మూడోసారి చెబితే గానీ వినబడలేదు. తలెత్తి చూసింది. తెల్ల కోటు వేసుకున్న పొడుగాటి మనిషి, చేతిలో లంచ్ బాక్సు.

"నాకు చెవుడొస్తే మీకే కదండీ బేరం," అంది.

ఆ అంతస్తులో ఉన్నవి రెండే. ఒకటి కట్టుడు పళ్ళు తయారుచేసే లాబ్, రెండోది చెవులు పరీక్షించి వినికిడి మిషన్లు పెట్టే క్లినిక్. వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరికీ ఆమె పళ్ళమ్మాయి. అతను చెవులాయన. అతను చేరి నెల కూడా కాలేదు.

"అంత పాపపు బేరం నాకొద్దు లెండి," అని ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. "ఏం చూస్తున్నారు? బాగుంటుందా?"

అడగకూడని మనిషిని అడిగాడు. సీరియళ్ళ ఊసెత్తితే పళ్ళమ్మాయికి టైము గుర్తుండదు. పావుగంటలో మూడు డ్రామాలు, రెండు కామెడీలు చెప్పేసింది. 'గుమాస్తా గారి గొడుగు' మొదటి వారం ఓపిక పట్టాలనీ, 'వదినగారి వకాల్తా'లో జడ్జి వచ్చిన ప్రతిసారీ నవ్వకుండా ఉండలేరనీ హెచ్చరించింది. 'వంతెన అవతలి ఇల్లు' మాత్రం టీ తాగుతూ చూసేది కాదని, ఒంటరిగా చూడాలని గొంతు తగ్గించి చెప్పింది.

చెవులాయన చిన్న నోట్‌బుక్ తీసి పేర్లన్నీ రాసుకున్నాడు. తర్వాత అడిగాడు: "వీటిలో మనుషులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారా, అందరూ కలిసి అరుస్తారా?"

సీరియల్ గురించి అలాంటి ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పళ్ళమ్మాయికి మొదటి అనుమానం అక్కడ పడింది.

అప్పట్నుంచి లంచ్ టైముకి అతను తప్పకుండా వచ్చేవాడు. వారం తిరిగేసరికి 'గుమాస్తా గారి గొడుగు' మీద అభిప్రాయం తెచ్చాడు. బాగుందట, గుమాస్తా మరీ మెతక అట. ఆ మర్నాడే అదే గుమాస్తా గట్టి పిండం అన్నాడు. ఒకరోజు కోడలి పక్షం మాట్లాడితే మరో రోజు అత్త తరఫున వాదించాడు.

"మీరు ఏదో ఒక వైపు ఉండండి," అంది పళ్ళమ్మాయి.

"మనసు మారుతుంటుందండీ," అన్నాడు నేల చూపులు చూస్తూ.

మూడు నెలలు దాటాక ఒకరోజు, ముప్ఫై ఏళ్ళయినా నిండని ఆ మనిషి, "మా కాలంలో కోడళ్ళు ఇలా ఎదురు మాట్లాడేవాళ్ళా," అనేశాడు. పళ్ళమ్మాయి కప్పు పెదవుల దగ్గరే ఆగిపోయింది. దాన్ని జోక్ అనుకుని సరిపెట్టుకుంది. ఆ పై గురువారం అతనన్న మాటతో మాత్రం ఎలా అనుకున్నా సరిపెట్టుకోలేకపోయింది.

"చివరి ఎపిసోడ్ సగంలో ఉండగా మా ఆవిడ ఛానల్ మార్చేసిందండీ."

"మీ ఆవిడా?"

"అంటే... మాట వరసకి." చెవులాయన చెవులు ఎర్రబడ్డాయి. డబ్బా మూత కూడా పెట్టకుండా లేచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం పళ్ళమ్మాయి ఈ సంగతంతా పిన్నికి చెప్పింది. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. స్కూలు లైబ్రరీలో పనిచేసి వచ్చిన పిన్ని బట్టలు ఇస్త్రీ చేస్తూ వింది.

"మాట వరసకి ఆవిడ ఎలా వస్తుందే? ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు."

"నేనూ అదే అనుకుంటున్నాను."

"అతనికి ఆవిడ ఉంటే నీకేం?"

పళ్ళమ్మాయి ఇస్త్రీ అయిన బట్టలు బీరువాలో సర్దడం మొదలుపెట్టింది. పిన్ని రెట్టించకుండా కుర్తా తిరగేసింది.

నిజానికి ఆమె అనుమానానికి ఒక కారణముంది. మూడేళ్ళ క్రితం పెళ్ళి దాకా వచ్చిన మనిషి ఒకడు, ఆమె ఏది చూడమంటే అది అద్భుతమనేవాడు. కథ చెబుతుంటే చెంపకి చెయ్యి ఆనించుకుని వినేవాడు. పెళ్ళి పదిహేను రోజులుందనగా, అతను ఫోన్లో స్నేహితుడితో అనడం ఆమె చెవిన పడింది: "ఒక్క ఎపిసోడూ చూళ్ళేదురా. పెళ్ళవనీ, ఈ పిచ్చంతా వదిలిస్తా." ఆ పెళ్ళి ఆమే వద్దంది. అప్పట్నుంచి ఎవరు తలూపినా ఆమెకి ఆ గొంతే వినిపిస్తుంది.

అయినా మనసు మాట వినదు కదా. ఆ సోమవారం వాన పట్టుకుంది. టీ గది కిటికీ మీద నీళ్ళు ధారలు కడుతున్నాయి. చెవులాయన కిటికీలోంచి చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"'వంతెన అవతలి ఇల్లు'లో ఆ పిల్ల ఉత్తరం చింపినప్పుడు... మొహం అబద్ధమాడింది గానీ, చేతులు ఆడలేకపోయాయి."

పళ్ళమ్మాయి అతని వైపు తిరిగింది. ఆ సీను ఆమె పదిసార్లు చూసింది. తనకెందుకు ఏడుపొస్తుందో ఒక్కసారీ మాటల్లో పెట్టలేకపోయింది. ఈ మనిషి రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఇంతలా చూడగలిగినవాడికి ఇంట్లో ఆవిడ ఉండకూడదని, అప్పటికప్పుడు, గట్టిగా కోరుకుంది. ఆ సంగతి అతనికి తెలియకుండా టీ గడగడా తాగి నాలుక కాల్చుకుంది.

బుధవారం ఒక రిటైర్డ్ టీచరమ్మ లాబ్‌కి వచ్చింది. పళ్ళ సెట్టు వదులైందట. పళ్ళమ్మాయి దాన్ని సరిచేస్తుంటే, బల్ల మీద ఫోన్లో ఆగి ఉన్న బొమ్మ చూసి ఆవిడ మొహం విప్పారింది.

"'వంతెన అవతలి ఇల్లు' కదూ? ఉత్తరం చింపే సీను చూశావా అమ్మాయ్? మొహం అబద్ధమాడింది గానీ, చేతులు ఆడలేకపోయాయి."

పళ్ళమ్మాయి చేతిలోని ఆకురాయి ఆగిపోయింది.

"ఇది... మీకెవరు చెప్పారండీ?"

"ఒకరు చెప్పేదేమిటి, నేనే చెవులబ్బాయికి చెప్పాను. కొత్తగా మిషన్ పెట్టుకున్నవాళ్ళకి వినడం అలవాటు కావాలని సీరియళ్ళ పేర్లు రాసిస్తాడు. వారానికోసారి వెళ్ళి ఏం విన్నామో చెప్పాలి. అన్నీ రాసుకుంటాడు, బంగారం లాంటి పిల్లాడు."

ఆ బంగారం కోసం పళ్ళమ్మాయి అరగంట కాపు కాసింది. పేషెంట్లు వెళ్ళాక, అతను చెవులు పరీక్షించే గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. బయటి చప్పుడు లోపలికి రాని గది అది.

"మీ ఆవిడ ఎవరి ఆవిడ?"

చెవులాయనకి విషయం అర్థమైంది. తప్పించుకోలేదు. "ఒక బస్సు డ్రైవర్ గారి భార్య."

"మా కాలం?"

"వాళ్ళమ్మగారి కాలం."

"ఉత్తరం, చేతులు?"

"టీచరమ్మగారివి." తల దించుకున్నాడు. "మొదట పేషెంట్ల కోసమే అడిగానండీ. తర్వాత మీతో మాట్లాడాలంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. పొద్దస్తమానం బీప్ శబ్దాలు వింటాను. ఇంటికెళ్తే నిశ్శబ్దంగా ఉండాలనిపిస్తుంది. నేను ఒక్కటీ చూడలేదు."

"నాలుగు నెలల్లో మీ సొంత మాట ఒక్కటైనా ఉందా?"

"సౌండ్ తగ్గించమన్నది నాదే."

వేరే రోజైతే నవ్వేది. "ఇది చిన్న అబద్ధమే," అంది. "కానీ నాకు బాగా అలవాటైన అబద్ధం. ఇంకోసారి పడే ఓపిక లేదు." ఆ పాత పెళ్ళికొడుకు ఫోన్లో అన్న మాటలు కూడా అతనికి చెప్పి బయటికొచ్చేసింది.

తొమ్మిది రోజులు లాబ్‌లోనే తింది. అన్నం మీద పళ్ళ అచ్చుల పొడి పడుతున్నా టీ గదికి వెళ్ళలేదు.

పదోరోజు పొద్దున్న చెవులాయన లాబ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"'వంతెన అవతలి ఇల్లు' చూశాను. నలభై రెండు ఎపిసోడ్లూ."

ఇక పొగడ్తలు మొదలవుతాయి అనుకుంది. "ఊఁ. ఎలా ఉంది?"

"నచ్చలేదండీ."

పళ్ళమ్మాయి చేతిలో పని పక్కన పెట్టింది.

"ఆ ఇంట్లో ఎవరూ ఎవరి మాటా వినరు," అన్నాడతను. "ఆ కుర్రాడు నిజం చెప్పబోయిన ప్రతిసారీ, ఉత్తరం చింపిన ఆ అమ్మాయే అడ్డు తగిలింది. అయిదు సార్లు లెక్కపెట్టాను. తర్వాత స్టేషన్లో కూర్చుని అతను చెప్పలేదని ఏడవడమేంటి? తప్పు ఆ అమ్మాయిది."

"తప్పు ఆ అమ్మాయిదా? మీకసలు మనసుందా?"

"ఉంది. అందుకే అతన్ని చూసి కడుపు మండింది."

ఇద్దరూ ముప్పావుగంట పోట్లాడుకున్నారు. లాబ్‌లోని పెద్ద టెక్నీషియన్ రెండుసార్లు దగ్గాడు. క్లినిక్‌లో ఒక పెద్దాయన మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు. పళ్ళమ్మాయికి ఒళ్ళు మండిపోతోంది. అంత మంటలోనూ, ఈ వాదన ఏ పేషెంటూ చెప్పింది కాదని తెలుస్తూనే ఉంది. ఆమెని మెప్పించాలనుకునేవాడు ఎవడూ ఇలా మాట్లాడడు.

అతనిది తప్పని రుజువు చేయడానికి శని, ఆదివారాలు పిన్నిని కూర్చోబెట్టుకుని సీరియల్ మళ్ళీ మొదట్నుంచీ చూసింది. ఆ అమ్మాయి అడ్డొచ్చిన ప్రతిసారీ పిన్ని ఒక వేలు మడిచింది.

సోమవారం టీ గదికి వెళ్ళి అతని ఎదురుగా కూర్చుంది. "అయిదు కాదు. ఆరుసార్లు అడ్డొచ్చింది."

చెవులాయన నవ్వలేదు, గెలిచినట్టు చూడలేదు. చెంచా అటూ ఇటూ జరిపాడు. "నేనొకటి చెప్పాలి. అడ్డు రాకండి. నాకు మీరంటే ఇష్టం. సీరియళ్ళంటే ఇంకా లేదు. రేపు వస్తుందని చెప్పలేను. మీరు చూస్తుంటే పక్కన కూర్చోగలను. నచ్చకపోతే నచ్చలేదంటాను. అంతే."

పళ్ళమ్మాయి అతన్ని కళ్ళు చికిలించి చూసింది. "ఇలా చెప్పమని ఏ పేషెంటు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. అందుకే సరిగ్గా రాలేదు."

అవునని ఆమె ఆ రోజు అనలేదు. "ఆదివారం మా ఇంటికి రండి. పిన్ని చూడాలి," అని మాత్రం అంది.

ఆదివారం పిన్ని అతన్ని సోఫాలో మధ్యన కూర్చోబెట్టి, ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువసార్లు ఆడిన కామెడీ పెట్టింది. లావుపాటి ఇన్‌స్పెక్టర్ ఒకడు సైకిల్ ఎక్కడం నేర్చుకునే ఎపిసోడ్. పళ్ళమ్మాయి ఎప్పట్లాగే పొట్ట పట్టుకుని నవ్వింది. మధ్యమధ్య నవ్వాపి అతని మొహం చూసింది. అతను పరీక్ష రాస్తున్నవాడిలా కూర్చున్నాడు.

అయిపోయాక పిన్ని అడిగింది. "నవ్వు రాలేదా బాబూ?"

పళ్ళమ్మాయి దిండు ఒళ్ళోకి లాక్కుంది.

"రాలేదండీ."

పిన్ని రిమోట్ పక్కన పెట్టింది. "నాకూ రాదు," అంది.

"పిన్నీ?"

"మొదట్నుంచీ రాదే. అక్క పోయి నువ్వు నా దగ్గరికొచ్చినప్పుడు నెలరోజులు నోరు విప్పలేదు. ఒక సాయంత్రం టీవీలో ఈ ఇన్‌స్పెక్టర్ సైకిల్ మీంచి పడ్డాడు, నువ్వు నవ్వావు. అప్పట్నుంచి పెడుతున్నాను."

"ఎనిమిదేళ్ళు నాతో కలిసి నవ్వావు కదా."

"టీవీని చూసి నవ్వలేదు. నిన్ను చూసి నవ్వాను."

ఇంత పెద్ద అబద్ధం పళ్ళమ్మాయితో ఎవరూ ఆడలేదు. అయినా దాని మీద కోపం తెచ్చుకోవడం చేతకాలేదు. కళ్ళు తుడుచుకుని చెవులాయన వైపు తిరిగింది. అతను తెరని కాదు, ఆమెనే చూస్తున్నాడు. పెదవి చివర చిన్నగా, ఎప్పట్నుంచో ఆపుకున్నట్టు, నవ్వు.

"ఇప్పుడెందుకు నవ్వుతున్నారు?" అంది అనుమానంగా.

"పిన్నిగారు చెప్పిన కారణమే. కానీ ఈసారి అరువు మాట కాదు."

పిన్ని టీ పెట్టడానికి లేచింది. వంటగది గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది. "ఏమే, ఇంకా అనుమానమేనా?"

"కొంచెం ఉంది," అంది పళ్ళమ్మాయి, అతని పక్కకి జరిగి కూర్చుంటూ. "పెళ్ళయ్యాక తీర్చుకుంటాను."